పెద్దవాళ్లకు పేగులో పేగు దూరితే: గుర్తించడం, ఆపరేషన్, ఆ తర్వాత

రెండేళ్ల కిందట ఒక రాత్రి పదకొండు గంటలకు మా షోలాపూర్ సంఘం సభ్యుడి కొడుకు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. తండ్రికి 58 ఏళ్లు, మరమగ్గాలు బాగుచేసే పని. ఆరు నెలలుగా కడుపునొప్పి వచ్చి పోతూ ఉండేది. గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ వచ్చాడు. ఆ రోజు వచ్చిన నొప్పి మాత్రం పోలేదు. స్కాన్ తీసి, పేగులో పేగు దూరింది, తెల్లారగానే ఆపరేషన్ చేయాలి అన్నారు.

“బాబాయి గారూ, ఇది పసిపిల్లలకు వచ్చేది కదా. మా చెల్లి కొడుక్కి గాలి ఎక్కించి సరిచేసి రెండో రోజు ఇంటికి పంపారు. నాన్నకు మాత్రం పేగు కోసి తీసేస్తామంటున్నారు. సంతకం పెట్టమంటారా?” అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. డాక్టరు మాట వినమని మాత్రం చెప్పాను. ఆ తర్వాత మా ఆరోగ్య శిబిరాలకు వచ్చే సర్జన్ గారిని అడిగి తెలుసుకున్నవీ, చదివినవీ ఒక పుస్తకంలో వరుసగా రాసి పెట్టుకున్నాను. ఇంకో ఇంట్లో అదే ప్రశ్న వస్తే పనికొస్తుందని ఇక్కడ ఇస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. ఇది చదివి ఎవరూ సొంత వైద్యం చేసుకోవద్దు. డాక్టరు చెప్పేది అర్థం కావడానికీ, అడగవలసింది అడగడానికీ మాత్రమే వాడుకోండి.

పేగులో ఏం జరుగుతుంది

పొడుగు చేతుల చొక్కా విప్పేటప్పుడు చెయ్యి కొంత లోపలికి మడతపడి, గొట్టంలో గొట్టంలా ఉండిపోవడం మనం రోజూ చూసేదే. పేగు కూడా అలాగే మడతపడి తన ముందున్న భాగంలోకి దూరిపోతే దాన్ని ఇంటస్ససెప్షన్ అంటారు. మనవాళ్లు కడుపులో ఏది జరిగినా పేగు మెలిక పడింది అనేస్తారు. మెలిక పడటం వేరు. అందులో పేగు తాడులా తన చుట్టూ తాను తిరుగుతుంది. ఇది మెలిక కాదు, దూరుడు.

మనిషి చిన్నపేగు సుమారు 6 మీటర్లు, పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటరు ఉంటాయి. తిన్నదాన్ని ముందుకు తోయడానికి పేగు గోడ అలలు అలలుగా ముడుచుకుంటూ ఉంటుంది. ఆ గోడకు ఒక గడ్డో కాయో అంటుకుని ఉంటే, పేగు దాన్ని కూడా ఆహారమే అనుకుని ముందుకు తోస్తుంది. గడ్డ కదిలితే దానితోపాటు గోడ కూడా లోపలికి లాగబడుతుంది. కొన్నిసార్లు అది తనంతట తాను వెనక్కి వస్తుంది, నొప్పి పోతుంది. మళ్లీ దూరుతుంది, మళ్లీ నొప్పి వస్తుంది. నెలల తరబడి వచ్చిపోయే నొప్పికి కారణం ఇదే.

పేగును కడుపు వెనక గోడకు పట్టి ఉంచే పొరను మెసెంటరీ అంటారు. రక్తనాళాలు అందులోంచే పేగుకు వస్తాయి. పేగు దూరినప్పుడు ఆ పొర కూడా లోపలికి లాగబడి నలుగుతుంది. ముందు సిరలు మూసుకుపోతాయి. రక్తం బయటికి పోలేక పేగు వాస్తుంది, లోపలి పొర నుంచి జిగురూ నెత్తురూ కారుతాయి. ఇంకా ఆలస్యమైతే ధమనులు కూడా మూసుకుపోతాయి. అప్పుడు ఆ ముక్క చచ్చి కుళ్లుతుంది, చిల్లు పడుతుంది, లోపలి మురికి కడుపంతా చేరుతుంది. ప్రాణాపాయం అక్కడే.

ఈ జబ్బు కొత్తది కాదు. 1674లోనే ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు పాల్ బార్బెట్ దీన్ని వర్ణించాడు. ఆపరేషన్ చేసి రోగిని బతికించిన మొదటివాడు లండన్ సర్జన్ జొనాథన్ హచిన్‌సన్. 1871లో ఆయన కాపాడింది రెండేళ్ల పాపను.

పిల్లల్లో వేరు, పెద్దల్లో వేరు

ఫోన్ చేసిన కుర్రవాడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మొత్తం ఇంటస్ససెప్షన్ కేసుల్లో నూటికి ఐదు మాత్రమే పెద్దవాళ్లవి. మిగిలినవన్నీ పిల్లలవి, ముఖ్యంగా రెండేళ్లలోపు వాళ్లవి. పిల్లల్లో నూటికి తొంభై మందికి గడ్డ లాంటి కారణం ఏదీ కనిపించదు. ఏదో వైరస్ సోకి పేగు గోడలోని గ్రంథులు వాయడం వల్ల వస్తుందని అనుకుంటారు. అందుకే మలద్వారం గుండా గాలి గానీ ద్రవం గానీ ఒత్తిడితో పంపి పేగును వెనక్కి నెడితే చాలామందికి అంతటితో సరిపోతుంది.

పెద్దవాళ్లలో లెక్క తిరగబడుతుంది. నూటికి ఎనభై, తొంభై మందికి వెనక ఏదో ఒక కారణం ఉంటుంది. గాలితో పేగును నెట్టినా ఆ గడ్డ అక్కడే ఉంటుంది, పేగు మళ్లీ దూరుతుంది. పైగా ఆ గడ్డ క్యాన్సర్ అయితే, ఒత్తిడి పెట్టి కదిలించడం వల్ల కణాలు చెదిరే ప్రమాదం ఉంది. పేగు అప్పటికే మెత్తబడి ఉంటే చిల్లు పడవచ్చు. అందువల్ల పెద్దవాళ్లకు ఆపరేషన్ చేయడం ఇరుక్కున్న పేగును విడిపించడానికి మాత్రమే కాదు. దూరడానికి కారణమైనదాన్ని తీసి, అదేమిటో తేల్చుకోవడానికి కూడా.

కారణాలు

చిన్నపేగులో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. కొవ్వు గడ్డ, అంటే లైపోమా. పేగు లోపల కాయల్లా పెరిగే పాలిప్‌లు. పుట్టుకతో ఉండే మెకెల్స్ డైవర్టిక్యులమ్ అనే చిన్న సంచి. పాత ఆపరేషన్ తర్వాత పేగులు ఒకదానికొకటి అతుక్కోవడం. మన దేశంలో పేగు క్షయను కూడా డాక్టర్లు మనసులో పెట్టుకుంటారు. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట అది గడ్డ కట్టి క్యాన్సర్‌లా కనిపించగలదు. క్యాన్సర్లలో లింఫోమా, చర్మపు మెలనోమా నుంచి పాకిన గడ్డలు చిన్నపేగులో కనిపిస్తాయి.

పెద్దపేగులో పరిస్థితి వేరు. అక్కడ దూరుడు వచ్చినవాళ్లలో సగం మందికి పైగా కారణం క్యాన్సరే. పెద్దపేగులో దూరుడు అని తేలగానే సర్జన్ జాగ్రత్త పెంచడానికి కారణం ఇదే.

ఒక వంశపారంపర్య జబ్బు గురించి విడిగా చెప్పాలి. పెదవుల మీద, నోటి లోపల, వేళ్ల మీద నల్లటి చిన్న మచ్చలు ఉండి, పేగుల్లో పాలిప్‌లు పెరిగే దాన్ని పాయిట్జ్-యెగర్స్ సిండ్రోమ్ అంటారు. వీళ్లకు చిన్న వయసులోనే పేగు మళ్లీ మళ్లీ దూరుతుంది. మన ఇళ్లల్లో వంశపారంపర్యం అనగానే మేనరికం మీదికి మాట పోతుంది. ఇది మేనరికం వల్ల వచ్చేది కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. ఇంట్లో ఒకరికి తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా చూపించుకోవాలి.

లక్షణాలు, వాటిని డాక్టరుకు చెప్పే తీరు

పిల్లల పాఠంలో మూడు గుర్తులు రాస్తారు: కడుపునొప్పి, చేతికి తగిలే గడ్డ, నెత్తురు జిగురు కలిసిన విరేచనం. పెద్దవాళ్లలో ఈ మూడూ ఒకేసారి కనిపించడం చాలా అరుదు. వాళ్లలో కనిపించేవి ఇవి:

- వారాలు, నెలల తరబడి పట్టి వదిలే నొప్పి. తిన్న తర్వాత ఎక్కువ కావచ్చు.
- వికారం, వాంతులు, కడుపు ఉబ్బరం.
- విరేచనం బిగుసుకోవడం, లేదా కొన్నాళ్లు బిగుసుకుని కొన్నాళ్లు జారుగా పోవడం.
- మలంలో నెత్తురు, లేదా నల్లటి మలం.
- బరువు తగ్గడం, నెత్తురు తగ్గి నీరసపడటం.

వీటిలో ఏదీ ఈ జబ్బుకే ప్రత్యేకం కాదు. గ్యాస్, అల్సర్, పైత్యం అని నెలలు గడిచేది అందుకే. నొప్పి తగ్గినప్పుడల్లా మాత్ర పనిచేసిందనుకుంటాం. నిజానికి పేగు తనంతట తాను వెనక్కి వచ్చి ఉంటుంది.

మనం తరతరాలుగా ఇక్కడే ఉన్నాం. బజారులో, కార్ఖానాలో మరాఠీయో కన్నడమో తమిళమో ఒడియాయో తడుముకోకుండా మాట్లాడతాం. కానీ నొప్పి వచ్చినప్పుడు నోట తెలుగే వస్తుంది, పెద్దవాళ్లకు మరీను. మెలిపెడుతోంది, పొడుస్తోంది, సలుపుతోంది, మండుతోంది అనే నాలుగు మాటలూ నాలుగు వేర్వేరు నొప్పులు. అన్నిటినీ కలిపి పోటదుఖీ అనో, హొట్టె నోవు అనో, వయిత్తు వలి అనో చెప్పేస్తే డాక్టరుకు ముఖ్యమైన తేడా అందదు. మరాఠీలో అలలుగా వచ్చే నొప్పికి కళ అనే మాట ఉంది. మా సభ్యుడు ఆరు నెలలూ దుఖతంయ్ అనే చెప్పాడు తప్ప కళ అనే మాట వాడలేదని తర్వాత ఇంట్లోవాళ్లు గుర్తు చేసుకున్నారు.

మాట దొరకకపోతే గడియారం చెప్పండి. ఎన్నింటికి మొదలైంది, ఎన్ని నిమిషాలు ఉంది, మధ్యలో ఎంతసేపు పూర్తిగా పోయింది, వారానికి ఎన్నిసార్లు వస్తోంది. ఈ నాలుగూ కాగితం మీద రాసి చూపిస్తే ఏ భాష డాక్టరుకైనా అర్థమవుతుంది.

కింది వాటిలో ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు:

- పట్టి వదిలే నొప్పి వదలకుండా నిలిచిపోవడం.
- పచ్చటి వాంతులు, లేదా మలం వాసన వచ్చే వాంతులు.
- విరేచనం కాకపోవడమే కాక అపానవాయువు కూడా పోకపోవడం.
- కడుపు చెక్కలా గట్టిపడి ముట్టుకోనివ్వకపోవడం.
- జ్వరం, గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం.

ఈ స్థితిలో ఆముదం పట్టడం, విరేచనాల మాత్ర వేయడం, ఎనిమా ఇవ్వడం, కడుపు మీద నూనె రాసి తోమించడం ప్రమాదం. దారి మూసుకున్న పేగును ఇంకా తోస్తే చిల్లు పడవచ్చు. దారిలో కాఫీ, కొబ్బరినీళ్లు కూడా పట్టవద్దు. కడుపు నిండుగా ఉంటే మత్తు ఇచ్చేటప్పుడు ప్రమాదం పెరుగుతుంది.

ఇంకొక మాట. ఆపరేషన్ అనగానే మనవాళ్లున్న ఊరికి తీసుకెళ్దాం అంటూ బరంపురం నుంచి విశాఖకో, ఇక్కణ్ణుంచి హైదరాబాదుకో రాత్రికి రాత్రి బయలుదేరడం మన ఇళ్లల్లో ఉంది. పేగు మూసుకున్నవాణ్ణి వందల కిలోమీటర్లు తిప్పే సమయం కాదు అది. ఈ ఆపరేషన్ జనరల్ సర్జన్లు చేసేదే. షోలాపూర్, బళ్లారి, మదురై, కోయంబత్తూరు, బరంపురం ఊళ్లన్నిటిలో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. యానాం వారికి కాకినాడ దగ్గర. ముందు దగ్గరి ఆసుపత్రిలో చేర్చండి. పంపాలో వద్దో అక్కడి సర్జన్ చెబుతారు.

పరీక్షలు

ముందుగా కడుపు ఎక్స్‌రే తీస్తారు. పేగు మూసుకుందా, చిల్లు పడి గాలి బయటికి వచ్చిందా అన్నది అందులో కొంత తెలుస్తుంది. ఎందుకు మూసుకుందో సాధారణంగా తెలియదు.

అల్ట్రాసౌండ్‌లో దూరిన పేగును అడ్డంగా చూస్తే ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు వలయంలో వలయం కనిపిస్తుంది. నిలువుగా చూస్తే మూత్రపిండంలా ఉంటుంది. పిల్లల్లో ఈ పరీక్షే చాలు. పెద్దవాళ్లలో పొట్ట లావుగా ఉన్నా, పేగుల్లో గాలి ఎక్కువగా ఉన్నా సరిగా కనిపించదు.

పెద్దవాళ్లకు అన్నిటికన్నా నమ్మకమైనది సీటీ స్కాన్. పేగు ఎక్కడ దూరింది, ఎంత పొడుగు దూరింది, ముందు గడ్డ ఉందా, రక్తం అందుతోందా, ఇతర అవయవాల్లో ఏమైనా ఉందా అన్నవి అందులో తెలుస్తాయి. దీనికి నరంలో రంగుమందు ఎక్కిస్తారు. కాబట్టి మూత్రపిండాల జబ్బు ఉన్నా, ఇంతకుముందు అలాంటి మందు పడకపోయినా, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నా ముందే చెప్పాలి.

వీటితోపాటు నెత్తురు శాతం, తెల్ల కణాలు, క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూస్తారు. దూరుడు పెద్దపేగులో ఉండి, రోగి నిలకడగా ఉంటే కొలనోస్కోపీ చేసి గడ్డను కంటితో చూసి ముక్క తీయవచ్చు. పేగు కుళ్లిందన్న అనుమానం ఉంటే దాని జోలికి పోరు.

ఇన్ని పరీక్షలు ఉన్నా, కొన్నిసార్లు కడుపు తెరిచి చూశాకే అసలు విషయం తేలుతుంది. సర్జన్ “లోపల చూసి నిర్ణయిస్తాం” అంటే తెలియక అన్నమాట అని అనుకోవద్దు. ఈ జబ్బు తీరు అది.

స్కాన్‌లో కనిపించిన ప్రతిదానికీ ఆపరేషన్ ఉండదు

సీటీ స్కాన్‌లు ఎక్కువైన తర్వాత ఒక కొత్త సంగతి బయటపడింది. వేరే పనికి తీసిన స్కాన్‌లో చిన్నపేగు కొద్దిగా దూరినట్టు కనిపిస్తుంది. మనిషికి బాధ ఏమీ ఉండదు. కాసేపట్లో దానంతట అదే సర్దుకుంటుంది. దూరిన ముక్క పొట్టిగా, అంటే సుమారు మూడున్నర సెంటీమీటర్ల లోపు ఉండి, గడ్డ లేక, పేగు మూసుకోక, రోగికి నొప్పి లేకపోతే డాక్టర్లు తరచుగా ఆగి చూస్తారు, అవసరమైతే మళ్లీ స్కాన్ తీస్తారు. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లలో ఇలాంటివి కనిపిస్తాయి.

కాబట్టి రిపోర్టులో ఇంటస్ససెప్షన్ అన్న మాట చూడగానే భయపడనక్కర్లేదు, చూసీచూడనట్టు బీరువాలో పెట్టనూ కూడదు. డాక్టరును మూడు మాటలు అడగండి: గడ్డ ఉందా? పేగు మూసుకుందా? పెద్దపేగులోనా, చిన్నపేగులోనా? ఆ మూడు జవాబుల మీదే తర్వాతి నిర్ణయం ఉంటుంది.

ఒకరి సంగతి మాత్రం విడిగా చెప్పాలి. లావు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు కొన్నేళ్ల తర్వాత గడ్డ లేకుండానే పేగు దూరే అవకాశం ఉంది. కడుపునొప్పితో వెళ్లినప్పుడు ఆ పాత ఆపరేషన్ సంగతి దాచకూడదు.

ఆపరేషన్‌కు ముందు

నోటి ద్వారా అన్నీ ఆపేస్తారు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి అక్కడ నిలిచినదాన్ని బయటికి లాగుతారు. చూసేవాళ్లకు కష్టంగా ఉంటుంది గానీ, దానితో వాంతులు ఆగుతాయి, ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఉంటుంది. సెలైన్ ఎక్కించి నీరు, లవణాలు సరిచేస్తారు. మూత్రానికి గొట్టం వేస్తారు. యాంటీబయాటిక్ ఇస్తారు. రక్తం సిద్ధం చేసుకోమంటారు.

గుండె జబ్బుకు నెత్తురు పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ తప్పక చూపించాలి. పసర మందులు, భస్మాలు వాడుతున్నా మొహమాటపడకుండా చెప్పాలి.

ఆపరేషన్ ఎలా చేస్తారు

కడుపు మధ్యలో నిలువుగా కోసి చేయవచ్చు, చిన్న రంధ్రాలతో ల్యాపరోస్కోపీ పద్ధతిలోనూ చేయవచ్చు. పేగులు బాగా ఉబ్బి ఉన్నా, కుళ్లు, చిల్లు అనుమానం ఉన్నా తెరిచి చేయడమే క్షేమం. ల్యాపరోస్కోపీతో మొదలుపెట్టి మధ్యలో తెరవవలసి రావచ్చు. అది వైఫల్యం కాదు.

చిన్నపేగులో అయితే: పేగు ఆరోగ్యంగా ఉండి క్యాన్సర్ అనుమానం లేకపోతే ముందు దూరిన ముక్కను వెనక్కి తేవచ్చు. దాన్ని పట్టి లాగరు, లాగితే చిరుగుతుంది. దూరిన కొన దగ్గర వేళ్లతో మెల్లగా పిండుతూ వెనక్కి నెడతారు. వెనక్కి వచ్చాక వెచ్చటి తడిబట్ట కప్పి కొన్ని నిమిషాలు ఆగుతారు. నల్లబడిన పేగు గులాబీ రంగుకు తిరిగితే, కదలిక వస్తే బతికి ఉన్నట్టు. తర్వాత గడ్డ ఉన్న ముక్కను మాత్రం కోసి రెండు కొసలూ కలిపి కుడతారు. ముందు వెనక్కి తేవడం వల్ల తీసేసే పొడుగు తగ్గుతుంది. పాయిట్జ్-యెగర్స్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్లకు జీవితంలో ఇంకా ఎన్ని ఆపరేషన్లు రావచ్చో తెలియదు కాబట్టి, వీలైతే పేగుకు చిన్న గాటు పెట్టి పాలిప్‌లు మాత్రం తీస్తారు.

పేగు నల్లబడి చచ్చిపోయినా, గడ్డ క్యాన్సర్‌లా అనిపించినా వెనక్కి తేవాలని చూడరు. ఉన్నది ఉన్నట్టే కోసి తీస్తారు.

పెద్దపేగులో అయితే: సగానికి పైగా క్యాన్సర్ కాబట్టి దూరిన పేగును కదిలించకుండా, గడ్డతో, దాని చుట్టూ ఉన్న లింఫు గ్రంథులతో కలిపి ఒకే ముద్దగా తీస్తారు. చిన్నపేగు చివర పెద్దపేగులోకి దూరితే సాధారణంగా కుడివైపు పెద్దపేగు తీసి, చిన్నపేగును మిగిలిన పెద్దపేగుకు కలుపుతారు. దీన్ని రైట్ హెమికొలెక్టమీ అంటారు. మా సభ్యుడికి చేసింది ఇదే. ఎడమవైపు, మలాశయం దగ్గరలో దూరినప్పుడు, గడ్డ క్యాన్సర్ కాదని ముందే తేలితే, మలాశయాన్ని కాపాడటానికి కొంతవరకు వెనక్కి తెచ్చి తక్కువ ముక్క తీయడం కూడా ఉంది.

“చిన్న గడ్డ కోసం ఇంత పేగు తీస్తారా?” అని ఇంట్లోవాళ్లు బాధపడతారు. ఆపరేషన్ బల్ల మీద అది క్యాన్సరా కాదా అన్నది చాలాసార్లు తెలియదు. తక్కువ తీసి, రేపు రిపోర్టులో క్యాన్సర్ అని వస్తే రెండోసారి కడుపు తెరవాలి. కుడివైపు పెద్దపేగు లేకపోయినా మనిషి మామూలుగా తిని తిరగగలడు.

పేగు చిల్లు పడి కడుపంతా మురికి చేరితే, రక్తపోటు పడిపోతే, వెంటనే కలిపిన కుట్టు నిలవదు. అప్పుడు పేగు కొసను కడుపు మీదికి తెచ్చి సంచి పెడతారు. దాన్ని స్టోమా అంటారు. చాలామందికి అది తాత్కాలికం, కొన్ని నెలల తర్వాత మళ్లీ కలుపుతారు. సంతకం పెట్టించుకునేటప్పుడే దీని అవకాశం అడిగి తెలుసుకోండి. మెలకువ వచ్చాక సంచి చూసి కుంగిపోయేకన్నా ముందే తెలియడం మేలు.

ఒప్పుకోలు కాగితం మీకు వచ్చిన భాషలో చదివి వినిపించమని అడగవచ్చు. అందులో ఉండవలసినవి: ఏ ఆపరేషన్, ఎందుకు, చేయకపోతే ఏమవుతుంది, ఏ ప్రమాదాలున్నాయి. రోగికి తెలివి ఉంటే సంతకం పెట్టవలసింది రోగే. మామగారినో పెద్దకొడుకునో పిలిచి ఆయన్ను పక్కన పెట్టడం సరికాదు.

ఆపరేషన్ తర్వాత

మర్నాటి నుంచే లేపి నడిపిస్తారు. గాయం నొప్పికి మందు ఉంటుంది కాబట్టి నడవవచ్చు. నడిస్తే ఊపిరితిత్తులకూ, కాళ్ల రక్తనాళాలకూ, పేగు కదలికకూ మంచిది. అపానవాయువు పోయిందా అని డాక్టరు రోజూ అడిగితే నవ్వుకోవద్దు, పేగు పని మొదలుపెట్టిందనడానికి అదే గుర్తు. నీళ్లు, పలచటి గంజి, మెత్తటి అన్నం వరుసలో ఆహారం పెంచుతారు. చూడవచ్చినవాళ్లు తెచ్చిన పళ్లరసాలు సిస్టర్‌ను అడక్కుండా ఇవ్వవద్దు.

మొదటి వారం పది రోజుల్లో అన్నిటికన్నా భయపడవలసింది కలిపిన కుట్టు కారడం. తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరగడం, జ్వరం, గుండె దడ, కడుపు ఉబ్బడం దాని గుర్తులు. ఇంటికి వచ్చాక ఇవి కనిపిస్తే ఫోన్‌లో మందు అడగకుండా అదే ఆసుపత్రికి వెళ్లాలి.

సుమారు ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్ కూడా బరువే. కుడివైపు పేగు తీసినవాళ్లకు కొన్నాళ్లు విరేచనం జారుగా ఉండవచ్చు. చిన్నపేగు చివరి భాగం ఎక్కువగా తీసినవాళ్లకు బి12 విటమిన్ లోపం రావచ్చు, దానికి పరీక్ష, ఇంజెక్షన్ ఉన్నాయి.

బయాప్సీ రిపోర్టు తెచ్చుకోండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోమంటే ఇదే చెబుతాను. తీసిన పేగును ల్యాబుకు పంపుతారు. దాని రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. అప్పటికి మనిషి ఇంటికి వచ్చేస్తాడు, కుట్లు మానుతుంటాయి, ఆ కాగితం మాట మరుగున పడుతుంది.

మా సభ్యుడి ఇంట్లో మరిచిపోలేదు, తేవడానికి భయపడ్డారు. భార్య వెళ్లనివ్వలేదు, కొడుకు వెళ్లలేదు. ఐదు వారాలు ఆయన తనకు క్యాన్సరేనని మనసులో ఖాయం చేసుకుని బతికాడు. తాను ఉండగానే అయిపోవాలని కూతురి పెళ్లి ముహూర్తం ముందుకు జరపమని వియ్యాలవారిని అడిగాడు. ఆ సంగతి తెలిసి ఆయన చీటీ తీసుకుని నేనే ల్యాబుకు వెళ్లాను. లైపోమా అని ఉంది. ఒట్టి కొవ్వు గడ్డ. రిపోర్టు చదివి చెప్పినప్పుడు ఆయన ఏమీ మాట్లాడలేదు, లేచి వెళ్లి ఆరు నెలలుగా దాచుకున్న గ్యాస్ మాత్రల డబ్బా తెచ్చి నా చేతికిచ్చాడు.

అది క్యాన్సర్ అయి ఉంటే ఆ ఐదు వారాలు ఖరీదైనవి. పెద్దపేగు క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాత కీమో అవసరమా అన్నది లింఫు గ్రంథులు చెబుతాయి. కనీసం 12 గ్రంథులు పరీక్షించాలన్నది నియమం. కీమో అవసరమైతే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొదలుపెట్టాలి. క్షయ అని వస్తే పూర్తిగా నయం చేసే మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పాయిట్జ్-యెగర్స్ అని వస్తే ఇంటిల్లిపాదికీ పరీక్షలు కావాలి. రిపోర్టు చూడకుండా ఇవేవీ మొదలు కావు.

కాగితాలు, ఖర్చు

నలభై ఏళ్లు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కాబట్టి కాగితాల గురించి రెండు మాటలు. ఒక ఫైలులో ఇవి వరుసగా పెట్టండి: స్కాన్ రిపోర్టు, ఆపరేషన్ వివరాల కాగితం, డిశ్చార్జి చీటీ, బయాప్సీ రిపోర్టు, మందుల చీటీలు. ఏ పేగు ఎంత తీశారో ఆపరేషన్ కాగితంలోనే ఉంటుంది. పదేళ్ల తర్వాత మళ్లీ కడుపునొప్పి వస్తే కొత్త డాక్టరుకు అదే దారి చూపిస్తుంది.

ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చుకు రక్షణ ఉంది. 2024 చివరి నుంచి 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఇస్తున్నారు. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావు ఫులే పథకం, తమిళనాడులో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా, కర్ణాటకలో ఆరోగ్య కర్ణాటక ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణల ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆ రాష్ట్రాల కార్డు ఉన్నవారికే. అక్కడి బంధువుల మాట విని దాని మీద ఆశపెట్టుకుని బయలుదేరవద్దు. మన పేరు తెలుగులో పలికినట్టు ఒక కార్డులో, స్థానిక భాషలో రాసినట్టు ఇంకో కార్డులో ఉండి, ఆసుపత్రి కౌంటరు దగ్గర ఆగిపోయినవాళ్లను చూశాను. జబ్బు రాకముందే రేషన్ కార్డు, ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టి అక్షరాలు సరిచూసుకోండి.

ఆ రాత్రి ఫోన్ చేసిన కుర్రవాడు ఇప్పుడు అడిగితే ఇలా చెబుతాను: పెద్దవాళ్లకు పేగు ఊరికే దూరదు. నొప్పి నిలిచిపోయి పేగు మూసుకుందంటే ఆలస్యం చేయవద్దు, నాన్నతో మాట్లాడించి సంతకం పెట్టించు. ఆ తర్వాత రిపోర్టు నువ్వే వెళ్లి తెచ్చుకో.